ఒకటి ఎక్కువ

ఎనుమాముల యార్డు ఘాటు
అంగి జేబుల పెట్టుకొని వచ్చిండు సారంగపాణి.
రుమాలు ముడి విప్పితే
మూత పోయిన పెన్‌డ్రైవ్, నడుముకు రబ్బరు బ్యాండు.
"అడ్తి లెక్కలన్నీ దీంట్లనే ఉన్నయి మేడం.
పాత కంప్యూటర్ల తెరుసుకుంటది,
కొత్తదాంట్ల పెడితే బిగుసుకపోతది."
నాకు ముందు తుమ్ము వచ్చింది.

నక్కలగుట్టల నా గది. కరెంటు పోయి వచ్చినంక
దాన్ని గుచ్చి, డ్రైవర్ మాటలు ఒక్కొక్కటి విన్న.
పేరడిగింది, చెప్పింది.
"నీ ఆఖరి గది నంబరెంత?" అనడిగింది.
లెక్క సున్నా నుంచి గదా,
ఎనిమిది గదులుంటే ఆఖరిది ఏడు.
ఇది ఎనిమిది అంటది.
అబద్ధమాడే రకం కాదు,
అడిగిందొకటి, దానికి వినిపించిందొకటి.

ఆఖర్ల ఏమన్నా రాసిపెట్టిండ్రా అని
చూసే అలవాటు కొత్త సిస్టంకు.
లేని ఇంటి తలుపు కొడ్తది.
ముప్పై సెకన్లు నిలబడ్తది.
మళ్ల కొడ్తది.
లైటు మాత్రం మిణుకు మిణుకు.
పాతది ఆ గల్లీ చివరిదాకా ఎన్నడు పోలే,
అందుకే వాళ్లిద్దరికి కొట్లాట లేదు.

మా మేనమామ ఉప్పలయ్య అదే యార్డుల కాంటా పట్టినోడు.
షెడ్డు గోడ మీద సుద్దముక్కతోని రాసుకునేటోడు:
మూడో కాంటా, పావుకిలో ఎక్కువ.
తుప్పు కాంటా, పొద్దుగాల మొదటి బస్తా లెక్కలకు రాదు.
గొలుసు కాంటా, గాలొస్తే ఆగాలె.
"కాంటాను తిడితే తూకం మారుతదా" అనేటోడు.

డ్రైవర్ లోపల గసోంటి గోడనే ఉంటది.
కంపెనీ నంబరు, మోడల్ నంబరు,
ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ దాకా,
పక్కన దాని గుణం.
ఒకటి, అరవై నాలుగు ముద్దలు దాటితే పొలమారుతది.
ఒకటి, పనంతా చేసి ఇంకా మిగిలిందంటది, ఆ మాట వినొద్దు.
ఒకటి, లేవంగనే పలకరిస్తే ఉలిక్కిపడ్తది,
ఐదు సెకన్లు ఆగు.
ఎవరెవరో ఏ రాత్రో
ఒక్కొక్క మొండిదాని ముంగట కూసొని రాసిన గీతలు.

నేనూ ఒక గీత రాసిన:
చెప్పినదాంట్లకెల్లి ఒకటి తీసెయ్యి.
ఎందుకైనా మంచిదని
వెర్షన్లు సున్నా నుంచి ఆఖరిదాకా పెట్టిన.

పెట్టి, చెయ్యి ఆగింది.

ఒక ఏడు మూడో కాంటాను మరమ్మతు చేసిండ్రు.
గోడ మీది రాతను ఎవ్వరూ తుడువలే.
మామకు జరమొచ్చి ఇంట్ల పండిన నాలుగు దినాలు
బస్తాకు పావుకిలో కోస్తనే ఉన్నరు.
లేచొచ్చి చూసి తువ్వాల తడిపి తుడిచిండు.
పావులన్నీ కూడుకొని, పైసలు మూటగట్టి,
నర్సంపేట బస్సెక్కిండు.
"కాంటా నిజం చెప్పినంక
పాత రాత దొంగతనమే" అన్నడు, గంతే.

రేపు ఇదే కంపెనీ బుద్ధి తెచ్చుకొని
కొత్త వెర్షన్ల సక్కగ ఏడు అంటే,
నా గీత దాన్ని ఆరు చేస్తది.
ఎవరిదో ఆఖరి గదికి బయటికెల్లి తాళం.
దిద్దిన:
1.00 నుంచి 1.00 దాకా. అంతకు మించి లేదు.

తెరుసుకుంది.
తేజ, వండర్ హాట్, చపాటా, తాలు.
వరుసగ ఫోల్డర్లు, మిర్చి కుప్పల లెక్క.
"బాగైందా మేడం?"
"బాగు కాలే. అది గట్లనే ఉంటది."
రబ్బరు బ్యాండు మళ్ల చుట్టుకుంటుంటే
గీత పైన కామెంటుల రాసిన:
సారంగపాణి, ఎనుమాముల.

"నా పేరెందుకు?"
"ఎన్నడన్న ఎవరన్న దీన్ని తుడుద్దామనుకుంటే
ముందుగాల నిన్నడగాలె."